రాజుపాలెం పప్పుశనగా, చీనా టోఫూ

ఇటీవల మన చదువుకున్న మధ్యతరగతిలో ఒక కొత్త మాట వినవస్తున్నది. మాంసం తగ్గించాలట. వైద్యుడు గుండె పేర చెపుతాడు, పర్యావరణం గురించి చదివినవాడు భూగోళం పేర చెపుతాడు, ధర్మచింత కలవాడు జీవకారుణ్యం పేర చెపుతాడు. కారణాలు వేరైనా అందరూ చూపే దారి ఒకటే: మాంసం బదులు టోఫు తినండి. సోయాచిక్కుడు గింజలను నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను విరిచి, గట్టిగా అదిమితే వచ్చే తెల్లని ముద్దే టోఫు. మన దుకాణాలలో దానిని సోయా పనీరు అని కూడా అమ్ముతున్నారు.

ఈ సలహాను వెక్కిరించడం నా వుద్దేశం కాదు. టోఫు మంచి తిండే. దానిని వండడం నేనూ నేర్చుకున్నాను. ఆ సంగతి తరువాత చెపుతాను. కాని “తగ్గించాలి” అన్న క్రియ వినగానే భాష చదువుకున్నవానికి దాని కర్త ఎవరన్న సందేహం రాక తప్పదు. ఎవరు తగ్గించాలి? ఎంత నుంచి ఎంతకు తగ్గించాలి? ఈ ప్రశ్న వేయకుండా తిండిని గురించి మాట్లాడేవారు, తమ కంచాన్నే లోకపు కంచం అనుకుంటున్నారని చెప్పవలసి వుంటుంది.

నేను రాజుపాలెం ప్రాంతాన్ని ఆధారంగా తీసుకుంటాను. కడప జిల్లాలో ఒకప్పుడు ప్రొద్దుటూరు తాలూకాలో వుండిన ఈ గ్రామం 1985లో మండలాలు ఏర్పడినప్పుడు మండల కేంద్రమయింది. కుందూ నది పరిసరాలలోని నల్లరేగడి నేల ఇది. వానాకాలంలో తాగిన నీటిని పొట్టలో దాచుకొని, శీతకాలంలో మంచు పడే వేళకు పప్పుశనగను పండిస్తుంది. ఇటు జమ్మలమడుగు వైపు కూడా రేగడి సాగుతుంది. పులివెందుల వైపు పోతే ఎర్రనేలలు, వేరుశనగ, గొర్రెల మందలు కనిపిస్తాయి. నడుమ ప్రొద్దుటూరు పట్టణం. పత్తికీ, నూనెకూ, బంగారానికీ అది పెద్ద అంగడి. చుట్టుపట్ల పల్లెల కష్టం అక్కడ రూపాయిగా మారుతుంది.

ఈ ప్రాంతపు జనం మాంసాహారులేనా? లెక్కలు అవుననే చెపుతాయి. 2014 నాటి ప్రభుత్వ నమూనా సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పదిహేనేళ్లు నిండినవారిలో నూటికి 98 మంది మాంసాహారులు. ఈ అంకెను పట్టుకొని మనవాళ్లు మాంసం మీదనే బతుకుతున్నారని కొందరు అనుకుంటారు. ఆ సర్వే అడిగింది తింటారా తినరా అని మాత్రమే. ఏడాదికి ఎన్ని సార్లు, మనిషికి ఎన్ని ముక్కలు అన్నది ఆ అంకెలో లేదు. మా తాతల తరంలో ఈ వూళ్లలో కూలివాని ఇంట సియ్యలు వుడికే రోజులను వేళ్లమీద లెక్కించవచ్చు: వుగాది మరునాడు, పెద్దల అమావాస్య, గంగమ్మ జాతర, పీర్ల పండుగ, ఎక్కడో ఒక పెండ్లి. మిగతా రోజులన్నీ జొన్నసంగటి, కొర్రబువ్వ, సజ్జరొట్టె. వాటి పక్కన ఊరిబిండి, పుల్లగూర, వుంటే ఇంత కందిబేడల పప్పు. పండుగనాడు సియ్యలు వుడికినా ముక్కలు మగవాళ్ల కంచాలలోకీ, పులుసు ఆడవాళ్ల కంచాలలోకీ పోయేది. ఆ ఆడవాళ్లను కూడా సర్వే మాంసాహారుల పట్టీలోనే రాసుకుంటుంది.

కాబట్టి మన ప్రజానీకంలో అధిక సంఖ్యాకులు పేరుకు మాంసాహారులు, ఆచరణలో పప్పాహారులు. ఆ పప్పు కూడా నిండుగా దొరికిందా అన్నది ఇంకొక ప్రశ్న.

మాంసం మానడం గొప్ప అన్న భావన మన ప్రాంతానికి కొత్తది కాదు. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడు వుంది. 1903లో పురావస్తు శాఖవారు అక్కడ ఇసుక తవ్వితే జైన దేవాలయ శిథిలాలు బయటపడ్డాయి. పదో శతాబ్దపు రాష్ట్రకూట రాజు మూడవ ఇంద్రుడు, నిత్యవర్షుడన్న బిరుదు కలవాడు, శాంతినాథుని అభిషేకానికి చేయించిన రాతిపీఠం అక్కడ దొరికింది. ఆయన దండనాయకుడు శ్రీవిజయుడు సన్యాసం పుచ్చుకొని దేహం విడిచినట్టు చెప్పే శాసనం కూడా దొరికింది. యుద్ధాలలో ఆరితేరిన సేనాని చివరకు జైన వ్రతంలో తనువు చాలించడం రాయి మీద చెక్కదగ్గ ఘనకార్యమయింది. కాని అదే పెన్న ఒడ్డున, అదే కాలంలో, వానలు లేక పస్తులతో పోయినవాళ్లు ఎందరో వుండి వుంటారు. వాళ్లకు శాసనం లేదు. వున్నవాడు తిండి వదిలితే వ్రతం, లేనివాడు వదిలితే కరువు. శాసనాలను ఆధారంగా తిండి చరిత్ర రాసేవాళ్లు ఈ తేడాను మరవకూడదు.

సాహిత్యం కొంత మేలు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలోనూ, ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలోనూ ఒక వేటగాని కథ చెప్పారు. పాత కడప జిల్లాలోని పొత్తపినాటి ప్రాంతానికి చెందినవాడని ప్రతీతి వున్న ఆ బోయ యువకుడు, తిన్నడు, తాను వేటాడి కాల్చిన మాంసాన్ని రుచి చూసి మరీ శివునికి పెట్టాడు. పూజారి గుండె గుభేలుమంది. శివుడు మాత్రం తిన్నాడు. శివుడు తిన్నాడని ఇద్దరు కవులూ ఒప్పుకున్నారు, అది వారి గొప్పతనం. తరువాత ఏం జరిగిందో చూడండి. తిన్నడు కన్నప్ప అయి పూజ్యుడయ్యాడు, అతని విగ్రహం గుడికెక్కింది, అతని మాంసం మాత్రం గుడి బయటే వుండిపోయింది. బోయవాని భక్తి కావాలి, బోయవాని తిండి అక్కరలేదు. ఈ ఏర్పాటు మన సంస్కృతిలో ఇంకా చాలా చోట్ల కనిపిస్తుంది.

1948లో ప్రకటించిన ‘ది అన్‌టచబుల్స్’ అన్న గ్రంథంలో అంబేడ్కరు ఈ విషయాన్ని సూటిగా ఎత్తుకున్నాడు. ఒకనాడు యజ్ఞాలలో పశువులను వధించిన బ్రాహ్మణులు, బౌద్ధంతో పోటీలో పైచేయి కోసం మాంసం మానుకున్నారనీ, చచ్చిన పశువుల మాంసం తినక తప్పని జనం ఆ క్రమంలోనే అంటరానివారుగా ముద్రపడ్డారనీ ఆయన వాదం. అందులోని ప్రతి మెట్టునూ చరిత్రకారులందరూ ఒప్పుకోకపోవచ్చు. కాని ఎవడేమి తింటాడన్నది ఎవడు ఎక్కడ నిలబడాలో నిర్ణయించిందన్నది మన వూళ్లను చూస్తేనే తెలుస్తుంది. రైతు ఇంట గొడ్డు చస్తే దానిని ఈడ్చుకుపోవడం మాదిగల విధి. తోలు తిరిగి రైతు కపిలి బానకూ, చెప్పులకూ రావాలి. కండ వారి కూలి. ఆ కూలిని తిన్నందుకే వారిని వూరికి దూరంగా పెట్టారు. 1952లో ఎం.ఎన్. శ్రీనివాస్ కూర్గు ప్రజల మీద రాసిన పుస్తకంలో, కింది కులాలు పైకి రావాలనుకున్నప్పుడు మాంసమూ కల్లూ మానుకొని పై కులాల ఆచారాలను తెచ్చిపెట్టుకుంటాయని చూపించాడు. మన ప్రాంతంలోనూ ఒక తరం పొలం కొని, రెండో తరం పట్టణంలో మేడ కట్టి, మూడో తరం శనివారాలు మాంసం మానిన ఇళ్లు లేకపోలేదు. వారి భక్తిని నేను శంకించను. మేడ ముందు వచ్చిందని మాత్రం గమనించమంటాను.

ఇక కరువు సంగతి. 1876-78 కరువు మద్రాసు రాష్ట్రంలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను తుడిచిపెట్టింది. 1877 మొదట్లో వైస్రాయి తరఫున వచ్చిన రిచర్డు టెంపులు, కరువు పనులలో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యమూ, ఒక అణా డబ్బూ చాలునని తేల్చాడు. పౌను అంటే మన లెక్కలో 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిషు దానికి అడ్డుపడ్డాడు. అంత కష్టం చేసే మనిషికి అంత ధాన్యం చాలదనీ, పప్పుగాని, చేపగాని, మాంసంగాని లేకుండా వట్టి ధాన్యంతో మనిషి కండ నిలవదనీ ఆయన వాదించాడు. ఒకరు ఖజానా లెక్క చూశారు, ఒకరు శరీరం లెక్క చూశారు. ఆ ఏడు మే నెలలో కరువు కూలిని కొంత పెంచవలసి వచ్చింది. అప్పటికే శిబిరాలలో చావవలసినవాళ్లు చచ్చారు. ఈనాడు మనం ప్రొటీను అంటున్నదాని మీద, మన జిల్లా కూలివాని పేరిట ప్రభుత్వంలో జరిగిన తొలి పెద్ద తగవు బహుశా ఇదే. ఆ తగవు మాంసం ఎక్కువయినందుకు వచ్చింది కాదు.

ఆ తరువాత వచ్చింది వేరుశనగ. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ గింజకు మన జనం శనగ పేరే పెట్టుకున్నారు. వేరు దగ్గర కాసే శనగ. మన కడపవాళ్లు చెనిక్కాయలంటారు, ఇంకొకరు బుడ్డలంటారు. పరాయిగింజ అని ఎవరూ దానిని వెలివేయలేదు. పొడి కొట్టారు, ఊరిబిండి నూరారు, వంకాయలో కూరారు. అమెరికానుంచే వచ్చిన మిరపకాయ సంగతీ అంతే. అందుచేత టోఫు చీనావాళ్లదనీ, మనకు సరిపడదనీ వాదించేవారితో నేను ఏకీభవించలేను. తిండికి స్వదేశీ విదేశీ పట్టింపు వంటింట్లో నిలవదు.

కాని వేరుశనగ మన పొలాలను ఆక్రమించింది మన పిల్లల ఆకలి తీర్చడానికి కాదు. మార్సేల్సులోని సబ్బు కార్ఖానాలకు నూనె కావలసి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివర ఆర్కాటు వైపు మొదలయిన ఆ సాగు, ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలో రాయలసీమ ఎర్రనేలలకు పాకింది. కొర్రలు, సజ్జలు, ఉలవలు కలిసి పండిన చేలు ఒంటి పంట చేలయ్యాయి. రైతుకు రొక్కం కనిపించింది, నిజమే. రొక్కంతోపాటు షావుకారూ, ముందస్తు బాకీ, కమీషనూ కనిపించాయి. గింజలో నూటికి 25 పాళ్లు ప్రొటీను. నూనె తీసిన తరువాత చెక్కలో అది దాదాపు రెట్టింపు అవుతుంది. ఆ చెక్క ఎద్దులకూ, ఎరువుకూ, ఎగుమతికీ పోయింది. పండించినవాడు సంగటిలోకి ఉప్పూ కారమూ నంజుకున్నాడు.

ఈ వింతను గమనించినవారు లేకపోలేదు. 1950లో మైసూరులో ప్రారంభమయిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, ఆ దశాబ్దంలోనే 75 పాళ్లు వేరుశనగ చెక్కపిండీ, 25 పాళ్లు పప్పుశనగ పిండీ కలిపి, విటమిన్లు చేర్చి, ‘ఇండియన్ మల్టీ పర్పస్ ఫుడ్’ అన్న పిండిని తయారు చేసింది. చూడండి, రెండూ మన జిల్లా పంటలే. పులివెందుల ఎర్రనేలా, రాజుపాలెం నల్లనేలా ఒక పొట్లంలో కలిశాయి. కాని అది కోట్ల మంది తిండి కాలేదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్లు చచ్చిపోతే, బ్రెజిలు వేరుశనగ చెక్కకు పట్టిన బూజు విషం దానికి కారణమని తేలింది. ఆ తరువాత వేరుశనగ పిండి మీద అనుమానం వ్యాపించింది. శుభ్రంగా ఆరబెట్టి నిలవచేస్తే ఆ బూజును చాలావరకు అరికట్టవచ్చు. అందుకు గిడ్డంగులు కావాలి, గిడ్డంగులకు డబ్బు కావాలి, ఆ డబ్బు పేదల తిండికోసం పెట్టాలి. ఇక్కడికి వచ్చేసరికి విజ్ఞానశాస్త్రం ఆగిపోయి రాజకీయం మొదలవుతుంది.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. 1968లో ఐక్యరాజ్యసమితి నిపుణులు ప్రపంచానికి ప్రొటీను సంక్షోభం రాబోతున్నదని గొంతెత్తారు. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలి వచ్చిన పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్ ప్రభృతులు పిల్లలను పరీక్షించి, వాళ్లకు లోటుపడింది ప్రధానంగా కడుపునిండా తిండేనని చూపారు. కడుపు నిండని బిడ్డకు ప్రొటీను ఇస్తే, శరీరం దానిని కూడా పొయ్యిలో కట్టెలా కాల్చుకుంటుంది. 1974లో మక్లారెన్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో ఈ ప్రొటీను గోల మొత్తాన్నీ పెద్ద వైఫల్యమని రాశాడు. ఈనాడు ప్రొటీను పొడి డబ్బాలతో వ్యాయామశాలకు పోయే యువకులు ఈ చరిత్ర చదివితే బాగుండును. కాని సంగటి నిండుగా దొరికిన తరువాతనైనా పక్కన పప్పు వుండవలసిందే. ఆ పప్పు తరిగిపోయింది. 1951లో మన దేశంలో తలకు రోజుకు 61 గ్రాముల పప్పుధాన్యాలు లభ్యమయ్యేవి. 2001 నాటికి 30 గ్రాములు. హరితవిప్లవం వరికీ గోధుమకూ నీళ్లిచ్చింది, ధర ఇచ్చింది. కందినీ ఉలవనూ వానకు వదిలేసింది. అర్ధ శతాబ్దంలో మన జనం నిజంగా తగ్గించుకున్నది మాంసం కాదు, పప్పు. ఎవరూ సలహా ఇవ్వకుండానే తగ్గించుకున్నారు.

టోఫు పుట్టిన చోట కూడా ఈ పేదరికపు వాసన వుంది. రెండువేల ఏళ్ల కిందట హుయినాన్ రాజకుమారుడు లియు ఆన్ దానిని కనిపెట్టాడని చీనాలో ఐతిహ్యం. రాజుల పేర కట్టే ఐతిహ్యాలను నమ్మనక్కరలేదు. రాతలో టోఫు తొలిసారి కనిపించేది పదో శతాబ్దంలో, అంటే ఇక్కడ దానవులపాడులో రాతిపీఠం చెక్కిన శతాబ్దంలోనే. ఒక చిన్న వూరి అధికారి పొదుపుకోసం మాంసం మాని, రోజూ అంగడిలో నాలుగు టోఫు ముక్కలు కొనుక్కునేవాడట. జనం టోఫుకు ‘చిన్న పొట్టేలు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారట. పొట్టేలు కొనలేనివాని పొట్టేలు అది. వెయ్యేళ్ల తరువాత, 1909 ప్రాంతంలో, లి షిజంగ్ అనే చీనా అరాచకవాది పారిస్ శివారు కొలంబులో టోఫు కార్ఖానా పెట్టి, తన దేశపు యువకులను పనికి రప్పించి, పనితోపాటు చదువు చెప్పించాడు. ఆయన ప్రోత్సహించిన ఆ పనీచదువుల వుద్యమం ద్వారానే మొదటి ప్రపంచయుద్ధం తరువాత చౌ ఎన్‌లై, డెంగ్ సియావోపింగ్ వంటి యువకులు ఫ్రాన్సు చేరారు. టోఫు అంటే సంపన్నుల నాజూకు తిండి అనుకునే మన మిత్రులకు ఈ సంగతి ఆశ్చర్యం కలిగించవచ్చు.

మన దేశంలో సోయాను ప్రయత్నించినవారిలో గాంధీ ఒకడు. 1935లో వార్ధా మగన్‌వాడీలో తన సహచరులచేత తినిపించి, హరిజన్ పత్రికలో దానిని గురించి రాశాడు. రెండేళ్ల తరువాత కూనూరు పరిశోధనశాలలో ఐక్రాయిడ్, కృష్ణన్ పిల్లల మీద పరీక్షలు చేసి, పేద తిండికి వెన్నతీసిన పాలు కలిపితే కనిపించిన ఎదుగుదల సోయా కలిపితే కనిపించలేదని ప్రకటించారు. సోయా అక్కడితో ఆగింది. తిరిగి 1960ల చివర అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో పంత్‌నగర్‌లోనూ, జబల్‌పూర్‌లోనూ దాని మీద పని మొదలయింది. మధ్యప్రదేశ్ రేగడి నేలలలో అది అడవిలా అల్లుకుంది. తెలుగు నేలలో అదిలాబాదు, నిజామాబాదు ప్రాంతాలకు వచ్చింది. గింజలో 40 పాళ్లు ప్రొటీను, 20 పాళ్లు నూనె. మళ్లీ అదే కథ: నూనె నగరాలకు, పిండి ఎగుమతికీ కోళ్లఫారాలకూ. ఆ పిండిలో కొంత ముద్దలుగా మారి మీల్‌మేకర్ పేరుతో మన కిరాణా కొట్లకు వచ్చింది. హాస్టలు కూరలలో విద్యార్థులు రబ్బరు ముక్కలని తిట్టుకునేది దానినే. ప్రపంచంలో పండే సోయాలో నాలుగింట మూడు వంతులు పశువులూ కోళ్లూ తింటాయి, టోఫుగా మనిషి తినేది చాలా కొంచెం. మనం తినే బ్రాయిలర్ కోడి కూడా మొక్కజొన్నా, సోయాపిండీ కలిసి కాళ్లు మొలిచిన సరుకే.

అందువల్లనే పర్యావరణవాదుల వాదాన్ని నేను సగం ఒప్పుకుంటాను. 2006లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, భూమిని వేడెక్కించే వాయువులలో 18 పాళ్లు పశుపోషణ వల్లనని లెక్క కట్టింది. 2013లో దానిని 14.5గా సవరించింది. అడవులు నరికి సోయా వేసి, ఆ సోయాతో పశువులను మేపి, ఆ పశువులను రోజూ మూడు పూటలా తినే సమాజాలు నిజంగానే తగ్గించుకోవాలి. కాని మన గొర్రె చేను కోసిన తరువాత మిగిలిన మోళ్లనూ, గట్ల మీది గడ్డినీ తిని బతుకుతుంది. రైతు దానిని పొలంలో మంద కట్టించుకుంటాడు, ఎరువు కోసం కాపరికి ఎదురు ఇచ్చుకుంటాడు. అయోవాలోని పశువుల కార్ఖానాకు రాసిన మందుచీటీని గొర్రెల కాపరికి చదివి వినిపించడం న్యాయం కాదు. తగ్గించవలసినవారు మన వూళ్లలోనూ వున్నారు. ప్రొద్దుటూరు మేడలలో ఆదివారం ఆదివారానికి మధ్య కూడా ఫారం కోడి లేనిదే ముద్ద దిగనివారు, డాక్టరు చెప్పకముందే నా మాట వినడం మంచిది. ఆ పట్టీలో నేనూ వున్నాను.

అలా వుండడం వల్లనే టోఫు వండడం నేర్చుకున్నాను. మొదటిసారి దానిని ముక్కలు చేసి నేరుగా పులుసులో వేశాను. పైన పులుసు, లోపల తెల్లకాగితం. తడి లోపల నిండి వున్నంతకాలం ఉప్పూ కారమూ లోపలికి పోవని అప్పుడు తెలిసింది. గుడ్డలో చుట్టి, పైన పొత్రం పెట్టి అరగంట అదమాలి. నీరు కారిపోయిన తరువాత ముక్కలు కోసి, ఇనుప పెనం మీద చెనిగ నూనెతో రెండు వైపులా ఎర్రగా కాల్చాలి. అప్పుడు సియ్యలకు వేసే మసాలానే, ధనియాలు, లవంగం, చెక్క, ఎండుకొబ్బరి, గసాలు, నూరి వేసి, చింతపండు పులుసులో వుడికిస్తే సంగటిలోకి దిగుతుంది. ఈ యుక్తి మనవాళ్లకు కొత్తది కాదు. చలికాలంలో అనపగింజలు నానబెట్టి, పితికి, పితుకుపప్పును మాంసపు మసాలాతో వండే రాయలసీమ ఆడవాళ్లకు, ఎందుకు అలా వండుతారో ఒకరు చెప్పనక్కరలేదు. నా అనుభవంలో టోఫుకు అన్నిటికంటె తగిన వంట, దానిని చేత్తో చిదిపి, ఉల్లిగడ్డా పచ్చిమిరపకాయా పసుపూ వేసి, కోడిగుడ్డు పొరటులా వేయించడం. ఇంట్లో చేసుకోవడం కూడా కష్టం కాదు. సోయాను రాత్రంతా నానబెట్టి రుబ్బాలి, పాలను బాగా కాచాలి, పచ్చి సోయా జీర్ణం కాదు గనుక. తరువాత వడగట్టి నిమ్మరసంతో విరవాలి. పచ్చి వాసన మొదట కొంత ఇబ్బంది పెడుతుంది. మిగిలిన పిప్పిని శనగపిండితో కలిపి వడలు వేయవచ్చు.

ఆ పిప్పి వడలు వేస్తున్నప్పుడే, సోయా ఎక్కడినుంచో ఎందుకు, ఈ శనగతోనే టోఫు కాదా అన్న ఆలోచన తట్టింది. అవుతుందని బర్మా చెపుతున్నది. బర్మాలో షాన్ ప్రాంతపు జనం పప్పుశనగ పిండితో పచ్చని టోఫు చేస్తారు. బర్మీయులు పప్పుశనగను ‘కలా పె’ అంటారు. కలా అంటే భారతీయుడు, పె అంటే పప్పు. రంగూను రేవులో మూటలు మోసిన మన తెలుగు కూలీలను, కోరంగీలను, అదే కలా అన్న మాటతో వారు పిలిచారు. 1930 మే నెలలో రేవు పని దగ్గర రేగిన అల్లర్లలో ఆ కూలీలు అనేకమంది హతమయ్యారు. 1942లో జపాను దాడికి భయపడి కాలినడకన కొందరు, 1964 తరువాత ఓడలలో కొందరు తిరిగి వచ్చారు. విశాఖపట్టణంలో బర్మా క్యాంపు అన్న పేరు ఇంకా వారి జ్ఞాపకంగా వుంది. మనిషిని వెళ్లగొట్టారు, అతని పేరు పెట్టుకున్న పప్పును మాత్రం వండుకున్నారు. తిన్నని మాంసం సంగతి దీనికి సరిగ్గా తిరగేసి వుంది.

చేయడం చాలా సులభం. ఒక గిన్నెడు శనగపిండిని మూడు గిన్నెల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఉప్పూ పసుపూ వేసి, అడుగంటకుండా గరిటె తిప్పుతూ వుడికించి, పళ్లెంలో పోసి చల్లారనివ్వాలి. మన పూరీలలోకి చేసే బొంబాయి చట్నీని ఇంకా గట్టిపడేదాకా వుడికిస్తే అదే. సోయా పాలు ప్రొటీను విరిగి గడ్డకడతాయి. ఇది పిండిపదార్థం బిగుసుకొని గడ్డకడుతుంది. అందుచేత సోయా టోఫుతో బలంలో సమానం కాదు, ఆ సంగతి దాచనక్కరలేదు. కాని దీనికి అదమడం లేదు, విరవడం లేదు, పిప్పి లేదు, పిండిలో వున్న ఇరవై పాళ్ల ప్రొటీనూ కంచంలోనే వుంటుంది. ముక్కలు కోసి పెనం మీద కాల్చవచ్చు, పులుసులో వేయవచ్చు.

ఈ శనగ రాజుపాలెంలో ఇంటి ముందు పండుతుంది. 1990ల తరువాత పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ తోడ్పాటుతో వచ్చిన జేజీ-11 వంటి రకాలు కడప, కర్నూలు, ప్రకాశం జిల్లాల రేగడి పొలాలను నింపివేశాయి. పైరు కోతకు యంత్రాలు వచ్చాయి. 2013 తరువాత ధర పడిపోయినప్పుడు శీతల గిడ్డంగులలో బస్తాలు గుట్టలుపడ్డాయి. వాటిమీద బ్యాంకు అప్పు, అప్పు మీద వడ్డీ. కెనడానుంచి చౌకగా దిగుమతి అయిన పసుపు బటానీ శనగపిండిలోకి చేరుతూవుండగా, 2017 నవంబరులో గాని ప్రభుత్వం దానిమీద 50 పాళ్ల సుంకం వేయలేదు. ఒకవైపు రైతు గిడ్డంగి అద్దె కట్టుకుంటూ శనగ కాపలా కాస్తాడు. ఇంకొకవైపు ఆ గిడ్డంగిలో బస్తాలు మోసే హమాలీ ఇంట పప్పు పలచన. మధ్యలో మనం నగరంనుంచి చల్లపెట్టెలో వచ్చిన టోఫు పొట్లం కొని, భూగోళానికి మేలు చేశామనుకుంటాము.

టోఫు పేర ఒక అపాయం కూడా వుంది. కొన్ని రాష్ట్రాలలో బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టకూడదని శాకాహార సంఘాలు, మఠాలు పట్టుబట్టడం చూశాము. గుడ్డు బదులు సోయా ఇవ్వండి, పప్పు ఇవ్వండి అని వారు శాస్త్రం చెపుతారు. మన రాష్ట్రంలో పిల్లలకు గుడ్డు అందుతున్నది. 2020లో దానికి తోడు వేరుశనగ చిక్కీ కూడా చేర్చారు. చెనిక్కాయ పండించిన జిల్లాలో చెనిక్కాయ బడిపిల్లవాని చేతికి చేరడానికి నూరేళ్లు పట్టింది. చిక్కీ వచ్చిందని గుడ్డు తీసివేయలేదు. రేపు టోఫు వస్తే అది గుడ్డు పక్కన రావాలి, గుడ్డు మీద రాకూడదు. మాంసం మానడం ఇష్టమయినవారు మానవచ్చు. తన మానుడును ఇంకొకని బిడ్డ మీద రుద్దే హక్కు ఎవరికీ లేదు. గొడ్డు మాంసం తినేవారిని కొట్టిచంపుతున్న కాలంలో ఈ మాట గట్టిగానే అనవలసి వుంది.

మొన్న సంక్రాంతి ముందు రాజుపాలెం వైపునుంచి మా జేజి కొత్త శనగలు తెచ్చింది. ఎనభై దాటిన మనిషి. వయసులో కూలికి పోయి, కోసిన శనగచెట్లు కల్లానికి మోసిన చేతులవి. ఆ శనగలు మరపట్టించి, షాన్‌వాళ్ల పద్ధతిలో టోఫు చేసి, కాల్చి, మసాలా పులుసులో వేసి పెట్టాను. రెండోసారి కూడా వేయించుకున్నది. బర్మా సంగతీ, చీనా సంగతీ చెపితే ఓపికగా విన్నది.

“బాగనే వుంది నాయనా,” అన్నది. “సియ్యలు యెప్పుడు జేస్తావు?”

ఆ ఆదివారం అరకిలో పొట్టేలు మాంసం తెచ్చాను. తినేవాళ్లం ఆరుగురం. ముక్కలు ముందు జేజికీ, మా అమ్మకూ వేశాము.